సూరతు నేలలోని నాణెములు

సూరతు పేరు వినగానే మొగలుల టంకశాల, ఓడరేవు, పరదేశి వర్తకుల కోఠీలు మనసున మెదలుతవి. ఒక పాత పునాదిలో నాణెము దొరికినదంటే చరిత్రకారునికి సగము పని తీరినట్లే. ఆ నాణెము పుట్టకముందు ఆ మన్ను పూడి ఉండదని నిశ్చయముగా చెప్పవచ్చును. ఈ సూరతు పరిసరములలోనే ఏ పాదుషా ముద్ర వేయని నాణెములు ఇంకొక విధమైనవి ఉన్నవి.

తాపీ, నర్మదా నదుల దిగువలోయలను గూర్చి 1869లో ప్రచురించిన గ్రంథమున బ్లాన్‌ఫర్డ్ అను భూగర్భ శాస్త్రవేత్త సూరతు, భరూచి ప్రాంతముల సున్నపురాళ్లను వర్ణించినాడు. ఆ రాళ్లలో కాసులవలె గుండ్రముగా, పలుచగా కనిపించు శిలాజములకు నమ్యులైట్లని పేరు. లాటిను మూలములో చిన్న నాణెమనియే దాని అర్థము. ఒకే కణము గల సముద్రజీవి కట్టుకొన్న ఇల్లది. అది ఉన్నచోట ఒకప్పుడు సముద్రమున్నదని తేలును. అంతకంటె ముఖ్యముగా, వీటి జాతులు కాలముతో త్వరత్వరగా మారిపోయినందువల్ల, ఏ జాతి దొరికినదో చూచి పొర వయస్సు నిర్ణయింపవచ్చును. పై పొర తరువాతిది, కింది పొర ముందటిది అన్నంతవరకు బావి త్రవ్వినవానికిని తెలియును. ఎంత ముందటిదన్న ప్రశ్నకే ఈ సాక్ష్యము కావలసినది.

ఈ పొరలన్నిటి అడుగున దక్కను నల్లరాయి ఉన్నది. అది సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట కరగి పారిన లావా. దాని తూర్పు తునక ఒకటి రాజమహేంద్రవరము వద్ద గోదావరీ తీరమునను కనిపించును. ఆ రాతిపై బంకమన్ను, లిగ్నైటు పేరుకొన్నవి. తీరపు చిత్తడి అడవులు కూలి, పూడి, నల్లబొగ్గు కావలసిన దారిలో సగమున ఆగినదే లిగ్నైటు.

సూరతుకు ఈశాన్యమున సుమారు 40 కిలోమీటర్ల దూరమునున్న వస్తాన్‌లో ఈ లిగ్నైటు కొరకు గని త్రవ్వినారు. విద్యుత్తు కొరకు త్రవ్విన గోతిలో ఎముకలు, పళ్లు బయటపడినవి. వాటినిబట్టి 2005లో కాంబేథీరియం అను జంతువునకు పేరు పెట్టినారు. ఖంభాతు పేరే అందులో ఉన్నది. 5.45 కోట్ల సంవత్సరముల నాటి ఈ జీవి గుర్రము, ఖడ్గమృగముల వంశమునకు దగ్గరి చుట్టమని 2014లో కెనెత్ రోజ్ ప్రభృతులు తేల్చినారు. ఐరోపా, అమెరికాలలో గుర్రపు పూర్వులు ఇంతకు కొంచెము ముందే హఠాత్తుగా కనిపించినవి. అయినను దీని రూపము వాటికన్న ప్రాచీనమైనది. ఆ వంశమునకు పుట్టినిల్లు భారతఖండమో, దాని పొరుగో కావచ్చునన్న ఊహ 1990లోనే క్రౌజ్, మాస్ అనువారు చేసినారు. దానికి ఇక్కడ బలము దొరికినది. నిర్ణయము అయిపోయినదని మాత్రము నేననను.

నన్ను మరింత ఆకర్షించినది ఇక్కడి తృణమణి. సాలవృక్షపు కుటుంబమునకు చెందిన చెట్ల జిగురది; మన గుగ్గిలమునకు దూరపు బంధువన్నమాట. 2010లో వెలువడిన పరిశోధనలో అందు చిక్కిన కీటకాదులు 700కు పైగా లెక్కకు వచ్చినవి. మడగాస్కరు నుండి విడివడి కోట్ల సంవత్సరములు సముద్రమున ఒంటరిగా సాగిన భూఖండము గనుక, ఎక్కడను లేని వింత జీవులే ఉండవలెనని పలువురు అనుకొన్నారు. తీరా చూడగా వాటిలో అనేకములకు ఐరోపా, ఆసియా, అమెరికాల జీవులతో చుట్టరికము కనిపించినది. మనము ఒంటరి ద్వీపమని వ్రాసికొన్న కథను ఒక చీమంత సాక్షి దిద్దవలసి వచ్చినది!

గని లేకున్న ఈ సాక్షులు వెలుగు చూచెడివి కావు. కాని పార పట్టిన యంత్రమునకు తృణమణికిని బొగ్గుకును భేదము తెలియదు. పరిశోధకులు ఏరినవి సంచులలో లక్నోకును ఇతర స్థలములకును చేరినవి. ఏరనివి లిగ్నైటుతో కలిసి కొలిమికి పోయినవి.