మా నాన్నమ్మ పాలు చెడ్డవి కావు

పోయిన నెల మా అమ్మాయిని ఏడో నెల చెకప్‌కి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ బీపీ చూసి, రక్తం రిపోర్టులు చూసి, మామూలుగా అడిగే ప్రశ్నలన్నీ అడుగుతూ "మీ ఇళ్ళల్లో పుట్టిన పిల్లలు చిన్నప్పుడే పోవడం ఏమైనా ఉందా?" అంది. లేదండీ అనబోయి ఆగిపోయాను. మా నాన్నమ్మ గుర్తొచ్చింది.

మా నాన్నకి ముందు ముగ్గురు పుట్టి పోయారు. ముగ్గురూ పుట్టినప్పుడు బొద్దుగా ఉన్నవాళ్ళే. ముగ్గురూ మూడో నెల దాటలేదు. నా చిన్నప్పుడు ఒకసారి రాత్రిపూట మంచం మీద పక్కన పడుకోబెట్టుకుని చెప్పింది. "గుంటడు నోరు తెరిసి ఏడిసీవోడు. సప్పుడొచ్చీది కాదమ్మా. పొద్దున్నకి నేడు." అంతే. ఇంకేం చెప్పలేదు.

ఊళ్ళో వాళ్ళకి మాత్రం కారణం తెలుసు. ఆవిడవి "సెడుపాలు" అన్నారు. పాలు తాగిన బిడ్డ బతకడని చెప్పుకున్నారు. నాలుగో కాన్పుకి మా నాన్న పుట్టాక, దిష్టి తగలకుండా పెంట మీద పడుకోబెట్టి తీసి ఆ పేరే పెట్టారు. ఆయన బతికాడు. పేరు మహిమ అన్నారు. నాన్నమ్మ మీద వేసిన మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ గొంతు రాని ఏడుపు నన్ను వదల్లేదు. రాత్రుళ్ళు ఫోన్‌లో వెతికి చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ మా ఇంటి కథ కాస్తా మా సీమ కథ అయిపోయింది. అది మీతో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

నాన్నమ్మ కాన్పులనాటికి శ్రీకాకుళం జిల్లా అంటూ లేదు. అది 1950 ఆగస్టు 15న ఏర్పడింది. విజయనగరం జిల్లా అయితే 1979 జూన్ 1న వచ్చింది. అంతకుముందు ఇదంతా విశాఖపట్నం జిల్లా, ఆ పైన గంజాం. ఇంగ్లీషువాళ్ళ కాగితాల్లో ఈ కోస్తా అంతా ఉత్తర సర్కారులు. ఆ రోజుల్లో వైద్యుల రాతల్లో ఉత్తర సర్కారులు అనగానే పక్కనే ఇంకో మాట కనిపిస్తుంది. బెరిబెరి. కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పడం, ఒళ్ళు నీరు పట్టడం, చివరికి గుండె ఆగిపోవడం. ఇండియాలో ఆ రోగానికి పేరుపడ్డ చోటు మనదే.

ఈ రోగం గుట్టు మొదట బయటపెట్టినవి కోళ్ళు. 1890ల్లో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు పెంచే కోళ్ళకి కాళ్ళు పడిపోయాయి. ఆస్పత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం వాటికి పెడుతున్నారు. ఇంతలో కొత్త వంటవాడు వచ్చి, మిలటరీ బియ్యం కోళ్ళకి ఇవ్వనని మొండికేశాడు. దాంతో ముతక బియ్యం పెట్టారు. కోళ్ళు లేచి తిరిగాయి! తవుడులో ఏదో ఉందని అలా తేలింది. 1926లో దాన్ని విడిగా తీశారు. 1936లో ప్రయోగశాలలో తయారుచేశారు. మనం ఇప్పుడు బి1 విటమిన్, థయమిన్ అంటున్నది అదే. 1929లో ఐక్‌మన్‌కి నోబెల్ బహుమతిలో సగం ఇచ్చారు. ఆ వంటవాడికి ఎవరైనా ఒక కోడినైనా ఇచ్చారో లేదో!

మన దేశంలో ఈ పని 1918లో కూనూరులో మొదలైంది. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో, రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు బెరిబెరి గురించి పరిశోధన పెట్టాడు. ఆ ఒక్క గదే పెరిగి, 1958లో హైదరాబాద్‌కి తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఇప్పుడు తార్నాకలో ఉన్నది అదే. మనం అన్నం తినే తీరు మీద పుట్టిన ప్రశ్న అంత పెద్ద సంస్థకి పునాది అయిందన్నమాట.

మరి మన దగ్గరే ఎందుకు? దక్షిణాన అరవదేశంలో చాలాచోట్ల ఉప్పుడు బియ్యం తినేవారు. ధాన్యాన్ని నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, అప్పుడు ఆడిస్తారు. ఉడికేటప్పుడు తవుడులోని సారం గింజలోకి దిగుతుంది. తర్వాత ఎంత తెల్లగా ఆడించినా కొంత మిగులుతుంది. మన సర్కారుల్లో తినేది పచ్చి బియ్యం. రోట్లో దంపుకున్నన్నాళ్ళు గింజ మీద ఎర్రపొర ఉండేది. మిల్లు వచ్చాక ఆ పొర మొత్తం పోయింది. తవుడు గేదెలకి, తెల్లబియ్యం మనకి.

తర్వాత గోపాలన్ గారు, తోటి శాస్త్రవేత్తలు అచ్చువేసిన ఆహార పట్టికల్లో లెక్క చూస్తే కళ్ళు తిరిగాయి. వంద గ్రాముల దంపుడు బియ్యంలో థయమిన్ 0.21 మిల్లీగ్రాములు. ఉప్పుడు బియ్యాన్ని మిల్లులో ఆడించినా 0.21. అదే పచ్చి బియ్యం మిల్లులో ఆడిస్తే 0.06. మనం చిన్నచూపు చూసే చోళ్ళలో 0.42. తవుడులో 2.70! పైగా ఇది నీళ్ళలో కరిగిపోయే విటమిన్. నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే ఆ 0.06లో కూడా మిగిలేది ఎంత?

ఇప్పుడు బాలింత పథ్యం సంగతికి వద్దాం. మా వైపు పాత పద్ధతిలో బాలింతకి పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, కాయం ముద్ద. పప్పు వాతం. ఆకుకూర చలవ. నీళ్ళు కూడా కొలతే. ఇలా నలభై రోజులు. వెల్లుల్లి మంచిదే. థయమిన్ ఒంటికి బాగా పట్టేలా చేసే గుణం అందులో ఉందని 1950ల తొలి ఏళ్ళలో జపాన్ వాళ్ళు కనుక్కున్నారు. కానీ విస్తట్లో థయమిన్ ఉంటే కదా పట్టేది? మన ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకి మించి ఉండదు. పథ్యం నలభై రోజులు. తల్లి తిన్నదాన్ని బట్టే పాలలోకి వచ్చేది. అంటే రెండో నెలకల్లా పాలున్నా, పాలలో అది ఉండదు. తల్లి మాత్రం చూడ్డానికి బాగానే ఉంటుంది. బిడ్డ కూడా బొద్దుగానే కనిపిస్తుంది. ఉన్నట్టుండి ఆయాసం, గుండె దడ. గొంతు నరం దెబ్బతిని ఏడుపు వినపడదు. కొన్ని గంటల్లో అయిపోతుంది. సమయానికి థయమిన్ సూది పడితే అన్నే గంటల్లో బిడ్డ తేరుకుంటుంది.

గొంతు నరం అన్న మాట దగ్గర ఫోన్ పక్కన పెట్టేసి లేచి కాసేపు అటూ ఇటూ తిరిగాను.

1941లో కూనూరు సంస్థ డైరెక్టరు ఎక్రాయిడ్, బి.జి. కృష్ణన్ కలిసి ఒక వ్యాసం అచ్చువేశారు. మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి ఉన్న ప్రాంతంలో పసిపిల్లల మరణాల గురించి. మిగతా చోట్ల బిడ్డకి పుట్టిన కొత్తలో గండం ఎక్కువ, నెలలు పెరిగే కొద్దీ తగ్గుతుంది. మన వైపు రెండో నెలకీ అయిదో నెలకీ మధ్య మరణాలు మళ్ళీ పెరిగాయి. సరిగ్గా మా నాన్నమ్మ బిడ్డల వయసు. సరిగ్గా ఆ ఏళ్ళు. మా ఇంట్లో పోయిన ముగ్గురిదీ అదే రోగమని ఇప్పుడు తేల్చే డాక్టరు ఎవరూ లేరు. కానీ ఎన్నో ఇళ్ళల్లో ఒకే నెలల్లో పిల్లలు పోతుంటే, ప్రతి ఇంట్లోనూ ఆ ఇంటి తల్లినే తప్పుపట్టారన్నది మాత్రం నాకు అర్థమైంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. మొదటి మూడు కాన్పులూ అత్తవారి ఊళ్ళో, మిల్లు పక్కన. మా నాన్న పుట్టింది మాత్రం సాలూరు పక్క, నాన్నమ్మ కన్నవారింట. అక్కడ మిల్లు లేదు. దంపుడు బియ్యం, పొద్దున్నే చోడి అంబలి. పథ్యం చేయించే అత్తగారూ అక్కడ లేరు. మేము ఇన్నాళ్ళూ పేరు మహిమ అనుకున్నాం.

ఇప్పుడైతే ఇలా ఊహించుకోనక్కర్లేదు. రక్తమే చెబుతుంది. ఎర్రకణాల్లో థయమిన్ ఉంటే గాని పనిచెయ్యని ఎంజైమ్ ఒకటుంది, పేరు ట్రాన్స్‌కీటోలేజ్. రక్తం తీసి దాని పని కొలుస్తారు. తర్వాత థయమిన్ కలిపి మళ్ళీ కొలుస్తారు. ఒక్కసారిగా పెరిగిందంటే అంతదాకా అది ఆకలితో ఉన్నట్టే. మనిషి పైకి బాగానే కనిపించినా లోపల ఏం తక్కువైందో తెలిసిపోతుంది. నాన్నమ్మ రోజుల్లో ఈ పరీక్ష ఉండి ఉంటే ఆ మాట పడేది కాదు కదా అనిపించింది.

తల్లి తిండి మూడు నెలల సంగతే కాదని కూడా మన తెలుగునేల మీదే తేలింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర 29 పల్లెల్లో ఒక అధ్యయనం జరిగింది. 15 పల్లెల్లో గర్భిణులకీ చిన్నపిల్లలకీ అంగన్‌వాడీ ద్వారా అదనంగా తిండి అందింది. 14 పల్లెలకి ఆ పథకం ఇంకా రాలేదు. 2003-05లో ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళయ్యాక మళ్ళీ వెళ్ళి చూశారు. తిండి అందిన పల్లెల పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. రక్తనాళాలు తక్కువ బిగుసుగా ఉన్నాయి. అంటే షుగరు, గుండెజబ్బు లాంటి నడివయసు రోగాల దారి అమ్మ కడుపులో ఉన్నప్పుడే కొంత పడుతుందన్నమాట. తర్వాత వాళ్ళ తల్లిదండ్రుల్నీ తోబుట్టువుల్నీ కూడా కలిపి ఆ అధ్యయనం కొనసాగించారు.

నిన్న అమ్మాయి పురిటి కోసం మా అమ్మ పథ్యం జాబితా రాయిస్తోంది. వెల్లుల్లి ఉంచాను. కాయం ఉంచాను. పప్పు, ఆకుకూర, గుడ్డు రాశాను. గంజి వార్చకూడదని రాశాను. పొద్దున్న చోడి అంబలి. డాక్టరమ్మ మాత్రలు ఆపకూడదు. "ఇదేం పథ్యమే, అన్నీ పెట్టేస్తే" అంది అమ్మ. అప్పుడు కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. కోళ్ళ దగ్గర నవ్వింది. గొంతు నరం దగ్గర నవ్వు ఆగిపోయింది.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "అయితే ఆవిడ పాలల్లో దోషం లేదన్నమాట. నువ్వు పుట్టినప్పుడు ఎత్తుకుంటానని ఎంత అడిగిందో. నెలలు నిండేదాకా నేనే ఇవ్వలేదే."

జాబితా కాగితం తీసుకుని, చోడి అంబలి రోజుకి రెండుసార్లు అని తనే దిద్దింది.