మేకప్ నేర్చుకునే ముందు కొంచెం చరిత్ర

కొత్తగా మేకప్ నేర్చుకునేవారికి ముందు ముఖం, తర్వాత కళ్ళు, ఆ తర్వాత కనురెప్పలు అని ఒక వరుస చెబుతారు. ఎలా రాసుకోవాలో చెప్పేవాళ్ళు చాలామంది. ఆ డబ్బాలో ఏముందో చెప్పేవాళ్ళు తక్కువ. అది అడగకపోవడం వల్ల ఏం జరిగిందో అదే వరుసలో చూద్దాం.

మొదట ముఖం. యూరప్‌లో కొన్ని శతాబ్దాల పాటు ధనిక స్త్రీలు సీసం నుంచి చేసిన తెల్లపొడి పూసుకున్నారు. సీసపు రేకులకు వెనిగర్ ఆవిరి తగిలిస్తే పైన తెల్లటి పొర కట్టేది. దాన్ని గీకి నూరేవారు. ఆ పొడితో చర్మం పాడయ్యేది. ఆ మచ్చలు కప్పుకోవడానికి మళ్ళీ అదే పొడి, ఇంకాస్త మందంగా! లండన్‌లో అందగత్తెగా పేరుపడ్డ మరియా గన్నింగ్ 1760లో చిన్న వయసులోనే చనిపోయింది. ఆ పొడే చంపిందని చాలామంది నమ్మారు, క్షయ అన్నవాళ్ళూ ఉన్నారు. సీసం విషమన్న విషయంలో మాత్రం రెండో మాట లేదు.

"మనవన్నీ ప్రకృతి సిద్ధమైనవి" అంటారా? కథకళి నటులు సంప్రదాయంగా వాడిన పసుపు రంగు హరిదళం, అందులో ఉన్నది ఆర్సెనిక్. ఎరుపు ఇంగిలీకం, అందులో ఉన్నది పాదరసం. రెండూ భూమిలో దొరికే ఖనిజాలే.

ఇక కళ్ళు. ఆముదం దీపపు మసిని నెయ్యితో రంగరించిన ఇంటి కాటుక వేరు, సుర్మా వేరు. మొదటిది మసి. రెండోది చాలాచోట్ల గెలీనా అనే సీసపు ఖనిజం పొడి. ప్రాచీన ఈజిప్టులో ఆడా మగా పెట్టుకున్నదీ అదే. చూపు పెరుగుతుందని, దిష్టి తగలదని దక్షిణాసియాలో దీన్ని పసిపిల్లలకూ పెడుతూ వచ్చారు. పిల్ల కన్ను నులుముకుని అదే వేలు నోట్లో పెట్టుకుంటుంది. ఇంతవరకు సీసం ఫరవాలేదు అనే హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దిష్టిని ఇంతవరకు ఎవరూ రుజువు చెయ్యలేదు. పిల్లల మెదడుకు సీసం చేసే హాని మాత్రం ఎప్పుడో రుజువైంది.

మూడోది కనురెప్పలు. ఇక్కడ తప్పు పాత ఆచారానిది కాదు, కొత్త వ్యాపారానిది. 1933లో అమెరికాలో లాష్ లూర్ అనే రెప్పల రంగు అమ్మారు. అందులోని పారాఫెనిలిన్ డయామిన్ వల్ల కొందరు స్త్రీలకు చూపు పోయింది, ఒకామె చనిపోయింది. అప్పటి 1906 చట్టంలో సౌందర్య సాధనాల ఊసే లేదు, అందుకే ప్రభుత్వం దాన్ని ఆపలేకపోయింది. 1938లో కొత్త చట్టం వచ్చింది. మన దేశంలో 1940 నాటి మందుల చట్టంలోకి సౌందర్య సాధనాలు వచ్చింది 1962 సవరణతో. ఆ రసాయనం నేటికీ చాలా తలరంగుల్లో ఉంది. కనుబొమలకు, రెప్పలకు వాడొద్దని పెట్టె మీద రాసేది అందుకే.

కాబట్టి మేకప్‌లో మొదటి పాఠం లేబుల్ చదవడం. బ్రష్ సంగతి ఆ తర్వాత. తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేని డబ్బా కొనకండి. కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపలివైపు కాస్త రాసి రెండు రోజులు చూడండి. అమ్మమ్మ చెప్పినా, సినిమా తార చెప్పినా "ఇందులో ఏముంది?" అని అడగండి.