అల్లరికి పేరు పెట్టేదెవరు?

1830లో ఇంగ్లండులో ఒక కేసు విచారణకొచ్చింది. గుమిగూడిన జనాన్ని చెదిరిపొమ్మని మెజిస్ట్రేటు చట్టంలో ఉన్న ప్రకటన చదివాడు, గడువు దాటినా వాళ్లు కదలలేదన్నది అభియోగం. రుజువైతే మరణశిక్ష పడే నేరం. కానీ ఆ మెజిస్ట్రేటు ప్రకటన చివరన ఉండే మాట, దేవుడు రాజును కాపాడుగాక అన్నది, చదవకుండా వదిలేశాడు. చదవాల్సింది పూర్తిగా చదవలేదు కాబట్టి ఆ నేరం కింద శిక్షించడం కుదరదని కోర్టు తేల్చింది. బ్రిటన్ చరిత్ర అంటే మనకు రాజులు, యుద్ధాలు, వలస పాలన గుర్తుకొస్తాయి. ఇక్కడ బతుకుతున్నవాణ్ణిగా నాకు మాత్రం, ఈ దేశం అల్లర్లకు ఏయే పేర్లు పెట్టిందో, ఆ పేరు ఎవరి చేతిలో ఉందో చూస్తే ఇక్కడి పాలన తీరు ఇంకా బాగా తెలుస్తుందనిపిస్తుంది. ఆ పేర్లలో చాలావరకు పైనున్నవాళ్లు కిందివాళ్లను చూసి పెట్టినవే. అయితే ఒక్క 'రయట్' అనే మాటను మాత్రం చట్టం అంకెలతో, అక్షరాలతో బిగించింది. అలా బిగించడం వల్లనే అది జనాన్ని అణచడానికి ఎంత పనికొచ్చిందో, అణచినవాళ్లను నిలదీయడానికీ కొన్నిసార్లు అంత పనికొచ్చిందని నా వాదన.

ముందు బిగించని మాటల సంగతి చూద్దాం. 'మాబ్' అనేది చంచలమైన జనం అనే అర్థమున్న లాటిన్ పదబంధానికి కుదింపు. 1680ల నాటికి లండన్‌లో వాడుకలోకొచ్చింది. కాథలిక్కు వారసుడు రాజు కావచ్చా కూడదా అని దేశం రెండుగా చీలి, మామూలు జనం వీధుల్లో ఊరేగింపులు తీసిన కాలం అది. వాళ్లకు ఓటు లేదు, వీధి తప్ప వేరే వేదిక లేదు. అంతకుముందు 1661లోనే ఒక చట్టం తెచ్చారు. ఇరవై మందికి మించి సంతకాలు పెట్టి మార్పు కోరాలంటే స్థానిక అధికారుల సమ్మతి కావాలి, పది మందికి మించి కలిసి వెళ్లి అర్జీ ఇవ్వకూడదు. ఆ చట్టం శీర్షికలోనే అలాంటి అర్జీని గలభా కింద జమకట్టారు. 1898 వేసవిలో లండన్ పత్రికలు పేదవాడల కుర్రాళ్లకు 'హూలిగన్' అని పేరు పెడితే, అది చూస్తుండగానే దేశమంతా పాకింది. వీటికి ఎదురు నడిచే మాట ఒకటుంది, 'హావక్'. ఇక దోచుకోండని సైనికులు పెట్టే కేక అది. 1385లో స్కాట్లండు మీదికి దండెత్తేటప్పుడు రెండో రిచర్డ్ రాజు సైన్యానికి ఇచ్చిన నిబంధనల్లో ఆ కేక పెట్టినవాడికి తల తీయించే శిక్ష ఉంది. అంటే అల్లకల్లోలం అధికారం చేతుల్లోనూ పుడుతుందని ఆ పాలకులకు బాగా తెలుసు. కాలక్రమంలో ఆ మాట సైన్యం నుంచి విడిపోయి ఏ విధ్వంసానికైనా చెల్లింది. 'మాబ్' మాత్రం కిందివాళ్లను వదల్లేదు.

ఇక రయట్ చట్టం. జర్మనీ నుంచి వచ్చిన మొదటి జార్జి గద్దెనెక్కాక ఊరూరా అల్లర్లు లేచాయి. వాటిని అణచడానికి తెచ్చిన ఈ చట్టం 1715 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. పన్నెండు మంది, అంతకుమించి గలభాగా చేరితే మెజిస్ట్రేటు అక్కడికి వెళ్లి నిర్ణీత ప్రకటనను బిగ్గరగా చదవాలి. ఆ తర్వాత గంటలోపు వెళ్లిపోనివాళ్లకు మరణశిక్ష. చెదరగొట్టేటప్పుడు ఎవరైనా చచ్చిపోతే అధికారుల మీద కేసు ఉండదు. క్రూరమైన చట్టమే, సందేహం లేదు. అయినా దానిలో ఒక మెలిక ఉంది. గుంపుకు ఆ పేరు పెట్టాలంటే పెట్టేవాడు గుంపు ముందుకు రావాలి, తన గొంతుతో చెప్పాలి, తర్వాత ఆగాలి. ఇళ్లు కూల్చేస్తే నష్టపరిహారం ఆ ప్రాంతపు జనమే చెల్లించాలని కూడా అదే చట్టం పెట్టింది.

ఇలాంటి తంతు ప్రభుత్వం చేతులు కట్టేస్తుందని అప్పుడే అన్నారు. 1780 జూన్‌లో కాథలిక్కులకిచ్చిన కొద్దిపాటి సడలింపులకు వ్యతిరేకంగా లండన్‌లో గోర్డన్ అల్లర్లు రేగాయి. న్యూగేట్ జైలును తగలబెట్టారు, ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ఇల్లు, గ్రంథాలయం బూడిదయ్యాయి. మెజిస్ట్రేట్లు బయటికి రావడానికి భయపడ్డారు, వాళ్ల మాట లేనిదే కాల్చకూడదని సైన్యం చూస్తూ నిలబడింది. చివరికి రాజు సైన్యానికి నేరుగా ఆదేశమిచ్చాక కాల్పుల్లో 280 మందికి పైగా చచ్చిపోయారు. ఈ ఆక్షేపణను తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ ఆ రోజుల్లో విఫలమైంది చట్టంలోని షరతు కాదు, షరతు నెరవేర్చాల్సిన మనుషులు. కర్తవ్యం మరిచినందుకు లండన్ మేయరు బ్రాక్లీ కెన్నెట్‌ను తర్వాత కోర్టు దోషిగా తేల్చింది. అల్లరి జరిగితే అల్లరిమూకనే కాదు, నగరపు పెద్దను కూడా బోనెక్కించగలిగింది ఆ చట్టం.

పీటర్లూ ఇంకా గట్టి ఆక్షేపణ. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ మైదానంలో దాదాపు 60,000 మంది, ఆడవాళ్లు పిల్లలతో సహా, పార్లమెంటులో ప్రాతినిధ్యం కావాలని చేరారు. అంత పెద్ద పారిశ్రామిక పట్టణానికి ఒక్క ఎంపీ కూడా లేని రోజులవి. ప్రధాన వక్త హెన్రీ హంట్ మాట్లాడటం మొదలుపెట్టగానే మెజిస్ట్రేట్లు గుర్రపు దళాలను మీదికి తోలారు. కత్తులకు, గుర్రాల డెక్కలకు 18 మంది బలయ్యారని నేటి లెక్క, గాయపడ్డవాళ్లు వందల్లో. ప్రకటన చదివామని మెజిస్ట్రేట్లు చెప్పారు, జనంలో విన్నవాళ్లు దాదాపు లేరు, గంట ఎవరూ ఆగలేదు. కత్తి ముందు కాగితం ఏం చేసిందని అడగవచ్చు. ఆ రోజు ఏమీ చేయలేదు. కానీ చదివారా లేదా, ఆగారా లేదా అన్న ప్రశ్న ఏళ్ల తరబడి అధికారులను వెంటాడింది, వాళ్ల సొంత చట్టమే వాళ్ల మీద అభియోగమైంది. వాటర్లూ విజయాన్ని దెప్పుతూ స్థానిక పత్రిక పెట్టిన పీటర్లూ అనే పేరే చరిత్రలో నిలిచింది. ఆ చోట చాలాకాలం ఉన్న నీలం రంగు ఫలకం మీద సైన్యం జనాన్ని చెదరగొట్టిందని మాత్రమే రాసి ఉండేది, చావుల ఊసే లేదు. ప్రజలు పోరాడగా 2007లో దాన్ని తీసేసి, శాంతియుతంగా చేరినవాళ్ల మీద సాయుధ దళం దాడి చేసిందని రాసిన ఎర్ర ఫలకం పెట్టారు.

రయట్ చట్టాన్ని 1967లో ఇంగ్లండులో రద్దు చేశారు. ఆ మాట మాత్రం నేరంగా ఉండిపోయింది. 1984 జూన్ 18న యార్క్‌షైర్‌లోని ఆర్‌గ్రీవ్ కోకింగ్ ప్లాంటు దగ్గర సమ్మె చేస్తున్న గని కార్మికులకూ పోలీసులకూ ఘర్షణ జరిగాక 95 మంది మీద రయట్ తదితర కేసులు పెట్టారు. అప్పట్లో దానికి యావజ్జీవం పడవచ్చు. విచారణలో పోలీసుల వాంగ్మూలాలు బయటికి తీస్తే, వేర్వేరు మనుషులు రాసినవాటిలో వాక్యాలకు వాక్యాలు ఒకేలా ఉన్నాయి. ఎవరో చెబుతుంటే రాసుకున్నారని తేలింది. కేసు కుప్పకూలింది. 1991లో 39 మందికి 4,25,000 పౌండ్ల పరిహారం చెల్లించారు, 2025లో ప్రభుత్వం విచారణ సంఘాన్ని ప్రకటించింది. 1986 చట్టం ఆ నేరాన్ని మళ్లీ బిగించింది: పన్నెండు మంది, ఉమ్మడి ఉద్దేశం, హింస లేదా హింస బెదిరింపు ఉండాలి, కేసు పెట్టడానికి ప్రాసిక్యూషన్ల డైరెక్టరు సమ్మతి కావాలి.

అల్లరిమూకలను ఇలా వెనకేసుకొస్తే ఎలా అని అడిగేవాళ్లుంటారు. 2024 వేసవిలో సౌత్‌పోర్టులో ముగ్గురు చిన్నారుల హత్య తర్వాత పుకార్లు నమ్మి మసీదు మీద, ఆశ్రయం కోరి వచ్చినవాళ్లున్న హోటళ్ల మీద పడ్డ గుంపులను ఇక్కడ మనలాంటి ఒంటిరంగున్న ఏ కుటుంబమూ మర్చిపోదు. వాళ్లను శిక్షించాల్సిందే, శిక్షించారు. ఎక్కువమందిని రయట్ కింద కాదు, ఎవరేం చేశారో చూసి దానికి తగిన చిన్న నేరాల కిందే. ఆ ఏడాదే ఆగస్టు 7న ఆ ద్వేషానికి వ్యతిరేకంగా లండన్‌లోని వాల్తమ్‌స్టోలో వేలమంది రోడ్డెక్కారు. ఎంతమంది చేరారన్నదే కొలమానమైతే ఆ ఊరేగింపు కూడా నేరమయ్యేది. పేరుకు షరతులు ఉండాలనడం దుండగులకు దయ చూపడం కాదు, వాల్తమ్‌స్టోలో నిలబడ్డవాళ్లను కాపాడటం.

ఈ చరిత్రకు మనతో నేరుగా సంబంధం ఉంది. మెకాలే ముసాయిదా నుంచి పుట్టిన 1860 నాటి శిక్షాస్మృతి మనకు దొమ్మీ నేరాన్ని ఇచ్చింది, దానికి ఐదుగురు చాలు. రయట్ చట్టంలో పన్నెండు మందిని అడిగిన ఇంగ్లీషువాళ్లు మన దగ్గర ఐదుగురితో సరిపెట్టుకున్నారు. ప్రకటన పాఠమూ, గంట గడువూ ఓడ ఎక్కలేదు. నేర విచారణ ప్రక్రియా స్మృతిలోని 144 సెక్షన్, 2024 జులై నుంచి కొత్త స్మృతిలో 163, గుంపు చేరకముందే నిషేధించే వీలిస్తుంది. 2020 జనవరిలో అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి ఉత్తర్వులను ప్రచురించాలని, నష్టపోయినవాళ్లు సవాలు చేయగలిగేలా ఉండాలని చెప్పింది. తెలుగు జిల్లాల్లో ఆ ఉత్తర్వు వెలువడిన ప్రతిసారీ దాని పూర్తి పాఠం, కారణాలతో సహా, తెలుగులో అదే రోజు అందరికీ దొరకాలని మనం అడగాల్సింది అందుకే.