కోరంటి

హైదరాబాదులో ఎవరికైన అంటుజ్వరము సోకినచో కోరంటికి తీసుకొనిపొమ్మనుట పెద్దలకు అలవాటు. కోరంటి యనగా నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రి. అంటురోగులను వేరుగా నుంచుటకై 1915లో ఎర్రమంజిల్ గుట్టపై వెలసి, తరువాత నల్లకుంటకు తరలినది. నేడు దానికి సర్ రోనాల్డ్ రాస్ పేరు కలదు. అయినను జనుల నోట నిలిచినది కోరంటియే. 'క్వారంటైన్' అను మాటకు ఇది మన నగరమిచ్చిన రూపము.

ఆ మాట పుట్టుక విచారింపదగినది. 1377లో ఆడ్రియాటిక్ తీరమందలి రగూసా నగరము, ప్లేగు తావులనుండి వచ్చువారు ముప్పది దినములు వెలుపల నుండవలెనని శాసించెను. పిదప గడువు నలువది దినములయ్యెను. ఇటలీ భాషలో నలువదిని 'క్వారంటా' యందురు. అనగా వేరుంచుటకు పెట్టిన పేరులోనే గడువు ఇమిడియున్నది. తలుపు మూసినవారు అది ఏనాడు తెరచుకొనునో కూడ చెప్పవలెను.

పాతబస్తీకి అంటురోగము క్రొత్త కాదు. 1591 నాటి చార్మినారు, ప్లేగు శాంతించినందుకు గుర్తుగా కట్టినదని ఒక ఐతిహ్యము. నగరస్థాపనకు, హిజరీ సహస్రాబ్దికి గుర్తని మరికొందరి అభిప్రాయము. 1911లో ప్లేగు నగరమును మరల పీడించెను. అట్టి రోగమునందు వేరుంచుట తప్పదు. కాని బలిమితో చేసినచో ఏమగునో 1897లో పూనా చూపినది. సైనికులు ఇండ్లు సోదాచేసి రోగులను కొనిపోగా ప్రజాగ్రహము పెల్లుబికెను. ప్లేగు అధికారి రాండ్ హతుడయ్యెను.

2020 మార్చిలో దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు చిక్కు మరియొక రూపమున వచ్చినది. పాతబస్తీ గల్లీలలో ఒకే గదిలో సంసారము నడపువారు ముదుసలికి వేరు గది ఎక్కడ తేగలరు? గదులున్న వృద్ధాశ్రమములలోనో, బంధువులకు తలుపులు మూతపడెను. కోరంటిలో నుంచునది రోగిని. ఇచట వేరుపడినది ఆరోగ్యముగా నున్న వృద్ధులు. వంటవారు, ఆయాలు నిత్యము వచ్చిపోవుచుండిరి. రానిది కొడుకు, కూతురు. మతిమరపు గల అవ్వకు ఫోనులోని ముఖము తన బిడ్డదని ఎట్లు తెలియును? ఆరు నెలలే ఆయువున్న తాతకు ఆరు నెలల నిషేధమునకు అర్థమేమి?

నిర్వాహకులను నిందించుట సులభము. కాని ఒకరిని చూడవచ్చిన చుట్టము వలన ప్రక్కమంచము వారు మరణించిన, ఆ బాధ్యత ఎవరిది? ఒకరి ఇష్టము మరియొకరి ప్రాణముతో ముడిపడినచోట న్యాయనిర్ణయము కఠినమే.

అయినను మధ్యమార్గము కలదు. 2020 మార్చి 20న నెదర్లాండ్సు దేశము వృద్ధుల శుశ్రూషాలయములకు సందర్శకులను నిషేధించి, మే 11 నుండి 26 చోట్ల ఒక్కొక్కరికి ఒక్క ఆప్తుని జాగ్రత్తలతో రానిచ్చెను. తొలి పరిశీలనలో సందర్శకుల వలన రోగము వచ్చినట్లు తేలలేదు. ఇంగ్లండులో 2024 ఏప్రిల్ 6 నుండి, అసాధారణ కారణము లేనిదే సందర్శకులను ఆపరాదను నిబంధన అమలులోనికి వచ్చెను.

మరల అట్టి రోగము రాదని మనము చెప్పజాలము. కనుక మన వృద్ధాశ్రమములు ఇప్పుడే, భయము లేని వేళ, నిబంధనలు వ్రాసికొనవలెను: తలుపు ఎన్నినాళ్లు మూయుదురు, గడువు ముగిసిన దినమున ఎవరు పునర్విచారింతురు, రాదగిన ఆ ఒక్క ఆప్తుడెవరు, అంత్యఘడియలో ఎవరిని పిలుతురు. ఈ ప్రశ్నలను మొదట అడుగవలసినది ఆ వృద్ధులనే.