గేమింగ్ పీసీకి బడ్జెట్ తక్కువా? నిడదవోలులో రైలెక్కే ముందే ఈ లిస్ట్ రాసుకోండి!

గేమింగ్ పీసీ పార్టుల కోసం నిడదవోలు జంక్షన్‌లో రైలెక్కి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తున్నారా? అయితే ఏం కొనాలో ఇంటి దగ్గరే తేల్చుకోండి. రంగుల లైట్ల క్యాబినెట్‌కి డబ్బులు పోస్తే గేమ్‌లో ఒక్క ఫ్రేమ్ కూడా పెరగదు.

ప్రాసెసర్: గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు చాలకపోతే రైజెన్ 5 5600జీ లాంటిది చూడొచ్చు. 6 కోర్లతో పాటు గ్రాఫిక్స్ కూడా అందులోనే ఉంటుంది. వాలరెంట్ లాంటి గేమ్స్ ఆడుకోవచ్చు. కార్డు తర్వాత పెట్టుకోవచ్చు.

ర్యామ్: 16 జీబీది ఒకటి వద్దు, 8 జీబీవి రెండు పెట్టండి. ఈ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ కూడా ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు స్టిక్‌లుంటే డేటా వేగంగా అంది ఫ్రేములు పెరుగుతాయి.

పవర్ సప్లై: ఊరూపేరూ లేని ఎస్‌ఎంపీఎస్ జోలికి పోవద్దు. అది కాలితే మదర్‌బోర్డు కూడా పోవచ్చు.

సెకండ్ హ్యాండ్ కార్డు: షాపులోనే అరగంట గేమ్ నడిపించి చూశాకే డబ్బులివ్వండి.

బిల్లు: ప్రతి పార్టుకూ సీరియల్ నంబర్ వేయించుకోండి. వారంటీ ఎక్కడ చేస్తారో అడగండి. లేదంటే చిన్న రిపేర్‌కీ మళ్లీ సికింద్రాబాద్ టికెట్ తీయాల్సిందే!