తాళపత్రం నుంచి తెర మీదికి

కల్నల్ మెకంజీ 1821లో కన్నుమూసేనాటికి దక్షిణాదిన ఊరూరా సేకరించిన కైఫీయతులు, శాసన ప్రతులు గుట్టలుగా పోగుపడ్డాయి. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. తరువాత సి.పి. బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి కావ్యాలకు శుద్ధ ప్రతులు రాయించాడు. వీటిలో చాలా భాగం చివరకు మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరింది. తంజావూరు సరస్వతీ మహలులోనూ తెలుగు గ్రంథాలు విస్తారంగా ఉన్నాయి. అంటే తెలుగువారి చరిత్రకు ముఖ్యాధారాలు కొన్ని నేటి తెలుగు రాష్ట్రాల వెలుపలే, మన మధ్యనే ఉన్నాయి.

అయినా హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో చదివే విద్యార్థికి అవి అందేవి కావు. కాలేజీ గ్రంథాలయంలో ఒక్క తెలుగు బీరువా ఉంటే అదే గొప్ప.

1995 ఆగస్టు 15న మన దేశంలో ఇంటర్నెట్ సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. ఆ తరువాతి కాలంలో బ్రౌన్ నిఘంటువు 1903 నాటి ముద్రణను చికాగో విశ్వవిద్యాలయం అందులో పెట్టింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి పూనికతో సాగిన పది లక్షల పుస్తకాల పథకం కింద వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. వాటి ప్రతులు నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో ఉచితంగా దొరుకుతున్నాయి. 2009 నాటి యు.జి.సి. నిబంధనల పుణ్యమా అని పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలు 'శోధగంగ'కు చేరుతున్నాయి.

చిక్కల్లా వెతకడంలోనే ఉంది. ఆ స్కాన్ ప్రతుల్లో అనేకం పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, తోచిన వర్ణక్రమంతో నమోదయ్యాయి. బ్యాంకు లెడ్జరులో ఒకరి సొమ్ము మరొకరి ఖాతాలో జమపడితే ఏమవుతుంది? సొమ్ము ఉంటుంది, అసలు హక్కుదారుకు కనిపించదు. ఇదీ అంతే. పైగా చాలా పుటలు ఉత్త బొమ్మలు. లోపలి మాట పట్టుకుని వెతికితే దొరకవు. దొరకనిది లేనేలేదని విద్యార్థి రాసేస్తే, మరొకడు దానినే ఉదాహరిస్తాడు. వలస వచ్చి వందల ఏళ్లయిన మనవంటి వారికి చరిత్రే లేదని తేలేది ఇలాగే.

కనుక విద్యార్థులు ఒకే పేరును నాలుగు వర్ణక్రమాల్లో వెతకాలి. రచయిత పేరుతోనూ, ముద్రణ సంవత్సరంతోనూ వెతకాలి. దొరికినదాని ముఖపత్రం చూడనిదే ఉదాహరించరాదు.

పెద్దలకూ ఒక పని ఉంది. సంఘాల వార్షికోత్సవ సంచికలు, గుడి లెక్కలు, పాత కరపత్రాలు ఏ స్కానరుకూ ఎక్కక మన అటకల మీదే ఉన్నాయి. వాటిని ఎక్కించి, పేరు తెలుగు లిపిలోనే రాసి, ఊరూ సంవత్సరమూ చేర్చాలి. బొర్రయ్య ఊరూరా తిరిగి చేసిన పనిలో మన వంతు ఇంకా మిగిలే ఉంది.