అంబాసిడర్‌కి అసలు రూపం ఏది?

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి, ఒకప్పటి ఐదో నంబరు, మద్రాసును కలకత్తాతో కలిపే దారి. ఇచ్ఛాపురం దాటి, ఒడిశా తీరం వెంట సాగి ఆ దారి కలకత్తా చేరుతుంది. అక్కడ హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారా అనే ఊరుంది. అంబాసిడర్ కారు పుట్టింది ఆ ఊళ్లోనే. కలెక్టరు గారి బండి, పెళ్లికొడుకు ఊరేగిన బండి, విశాఖ పెద్దాసుపత్రికి రోగిని తీసుకెళ్లిన అద్దె బండి, అన్నీ అదే. ఇప్పుడు ఎవరి పెరట్లోనో, ఏ షెడ్డు వెనకో తుప్పు పట్టిన అంబాసిడర్ కనిపిస్తే కొందరికి దాన్ని మళ్లీ నిలబెట్టాలని మనసవుతుంది. మెకానిక్‌తో వాళ్లు చెప్పే మాట ఒకటే: “కంపెనీ కండిషన్‌కి తేవాలి.”

ఏ కంపెనీ కండిషన్? ఏ సంవత్సరంది? ఇంజన్ దించే ముందే తేల్చుకోవలసిన సంగతి ఇది. అది తేలాలంటే బండి వంశవృక్షం తెలియాలి.

అమెరికాలో మొదలైన పట్టుదల

కారును ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలాగే తిరిగి తయారుచేయాలన్న పట్టుదల అమెరికాలో బాగా ముదిరింది. ముఖ్యంగా మజిల్ కార్ల విషయంలో. మధ్యతరగతి వాళ్లు కొనే మామూలు సైజు బండిలో భారీ వీ-8 ఇంజన్ బిగించి అమ్మితే అది మజిల్ కారు. 1964లో వచ్చిన పోంటియాక్ జీటీఓతో ఆ ఒరవడి ఊపందుకుందని ఎక్కువమంది లెక్క. దాని ఇంజన్ 6.4 లీటర్లు, కంపెనీ చెప్పిన బలం 325 గుర్రాలు. అదే కాలపు మన అంబాసిడర్ ఇంజన్ లీటరున్నర.

1974లో అక్కడి కార్వెట్ స్పోర్ట్స్ కారు యజమానులు ఒక సంఘం పెట్టుకున్నారు. బండి కంపెనీ నుంచి వచ్చినప్పటి రూపానికి ఎంత దగ్గరగా ఉందో చూసి మార్కులు వేయడం దాని పని. ఇంజన్ మీది నంబరు బండి నంబరుతో సరిపోవాలి. బోల్టు తల మీది గుర్తు కూడా ఆ ఏటిదే అయి ఉండాలి. అసెంబ్లీ లైన్లో పనివాళ్లు వాడిన కాగితాలు కొన్ని సీటు స్ప్రింగుల్లోనో పెట్రోలు ట్యాంకు మీదో ఉండిపోయేవి. ఆ బండికి ఏ ఇంజన్, ఏ గేరు బాక్సు, ఏ రంగు వేయాలో రాసిన జాబితాలవి. దశాబ్దాల తర్వాత సీటు విప్పినవాడికి ఆ చిరిగిన కాగితం దొరికితే పండగే. తనిఖీదారు చాక్‌పీసుతో పెట్టిన గీతను కూడా మళ్లీ గీసేవాళ్లున్నారు.

మన దగ్గర మజిల్ కార్లు ఎందుకు లేవన్నదానికీ చరిత్రే జవాబు. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో షెవర్లేలు బిగించి అమ్మేది. 1953లో, ఇక్కడే విడిభాగాలు తయారుచేసే కంపెనీలకే చోటు అని ప్రభుత్వం తేల్చడంతో జనరల్ మోటార్స్, ఫోర్డ్ రెండూ దుకాణం సర్దుకున్నాయి. జీటీఓ పుట్టేనాటికి మన తలుపులు మూసుకుని పదేళ్లయింది. తలుపుకి ఇవతల మిగిలిన కొద్ది బండ్లలో అంబాసిడర్ ఒకటి.

ఆక్స్‌ఫర్డ్ నుంచి ఉత్తర్‌పారాకి

బిర్లా కుటుంబం 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవు దగ్గర హిందుస్థాన్ మోటార్స్ మొదలుపెట్టింది. 1948లో అది ఉత్తర్‌పారాకి మారింది. బ్రిటన్‌లోని మోరిస్ కంపెనీ నమూనాలే అక్కడ పేరు మార్చుకుని వచ్చేవి. మోరిస్ టెన్ ‘హిందుస్థాన్ టెన్’ అయింది. 1954లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్ ‘ల్యాండ్‌మాస్టర్’ అయింది. 1957-58 నాటికి మూడో సిరీస్ ‘అంబాసిడర్’గా రోడ్డెక్కింది.

బ్రిటన్‌లో ఆ నమూనా కొద్ది కాలానికే ఆగిపోయింది. ఇక్కడ అరవై ఏళ్లకు కాస్త తక్కువగా బతికింది. పై తొడుగు దాదాపు అలాగే ఉండి, లోపలి సరుకు మారుతూ వచ్చింది. తొలి బండ్లలో సైడ్‌వాల్వ్ ఇంజన్ ఉండేది. కొద్ది రోజుల్లోనే దాని స్థానంలో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ వచ్చింది. ఎంజీఏ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో కూడా మొదట ఆ కుటుంబపు ఇంజనే వాడారు. 1960ల మొదట్లో మార్క్ టూ, 1975లో మార్క్ త్రీ, 1979లో మార్క్ ఫోర్ వచ్చాయి. డీజిలు ఇంజన్ మార్క్ ఫోర్ కాలంలోనే చేరింది. 1990లో నోవా వచ్చింది. ఆ తర్వాత ఇసుజు 1800 సీసీ పెట్రోలు ఇంజన్‌తో, ఐదు గేర్లతో మరో బండి వచ్చింది. దాంతో స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డు నేల మీదికి దిగింది. ముందు ముగ్గురు సర్దుకు కూర్చునే పొడుగాటి సీటు రెండు ముక్కలైంది. 2014 మేలో ఉత్తర్‌పారా కార్ఖానాలో పని ఆగింది. 2017లో అంబాసిడర్ పేరును ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది.

అందుకే అంబాసిడర్ వయసు చెప్పాలంటే ముందు జాలీ (గ్రిల్) చూస్తారు. మొదటి తరానిది అలలు తిరిగిన పట్టీల జాలీ. మార్క్ టూది సన్నని గళ్లది. మార్క్ త్రీకి అడ్డ పట్టీలు. మార్క్ ఫోర్ జాలీ చిన్నది, గళ్లు పెద్దవి. అయితే జాలీ ఒక్కదాన్ని నమ్మకూడదు. గుద్దుకున్న బండికి దొరికిన జాలీ బిగించి పంపించిన రోజులవి. ఆర్సీలోని తయారీ సంవత్సరం, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, డ్యాష్‌బోర్డు, గేరు రాడ్డు, అన్నీ ఒకే ఏటి మాట చెబుతున్నాయో లేదో పోల్చి చూడాలి.

రోడ్డు మీద మారిన బండి

అమెరికన్ యజమానికి లేని చిక్కు ఇక్కడ ఒకటుంది. అక్కడ మజిల్ కారు సరదా బండి. ఇక్కడ అంబాసిడర్ పొట్ట నింపిన బండి. పెట్రోలు ధర పెరిగితే యజమాని పెట్రోలు ఇంజన్ దించి డీజిలు ఇంజన్ ఎక్కించాడు. మెటడార్ వ్యాను ఇంజన్ పెట్టుకున్నవాళ్లు ఎందరో. డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టారు. వెనక కమాను కట్టలకు ఇంకో ఆకు చేర్చి బరువు మోయించారు. ఒక్కో మార్పు వెనకా ఒక్కో ఇంటి ఖర్చు లెక్క ఉంది.

తుప్పు సంగతి మరీ స్థానికం. ఎచ్చెర్ల మండలం అంచున బుడగట్లపాలెం తీరం ఉంది. ఉప్పుగాలి తగిలే చోట ఇనుమును తుప్పు త్వరగా తింటుంది. అంబాసిడర్‌కి విడి ఛాసిస్ లేదు; అడుగు రేకూ, తలుపుల కింది పెట్టె పట్టీలే బండి బరువును మోస్తాయి. వాటిని తుప్పు తినేస్తే బండి నడుమే వంగుతుంది, తలుపులు సరిగా పడవు. పైన లప్పం పెట్టి, రుద్ది, రంగు కొడితే ఫొటోకి బాగుంటుంది, దారికి పనికిరాదు. మంచి టింకరింగ్ మేస్త్రీ తిన్నంత మేర రేకు కోసి, అదే మందం రేకు వంచి అతుకుతాడు. కోసే ముందు లోపల జాకీలు పెట్టి బండి వంగకుండా చూస్తాడు. తలుపు సందులు నాలుగువైపులా సమంగా ఉన్నాయా లేదా అన్నది ఆయన పనితనానికి పరీక్ష.

రంగు దగ్గర మళ్లీ చరిత్ర అడ్డొస్తుంది. పాతకాలంలో కొట్టింది సెల్యులోజ్ రంగు. మెత్తని మెరుపు దానిది. ఇప్పటి రంగులు అద్దంలా తళతళలాడతాయి. ఎక్కువ మెరిసిన అంబాసిడర్ ఎప్పుడూ కంపెనీ అంబాసిడర్ కాదు.

ఇంజన్ విషయంలో మాత్రం కొన్ని చోట్ల కంపెనీ మాట వినకపోవడమే మేలు. దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. ఆ సీసం పాత ఇంజన్ల వాల్వు సీట్లకు రక్షణగా ఉండేది. అది లేకపోతే వాల్వు సీటు అరిగి లోపలికి దిగిపోతుంది. అందుకే హెడ్ విప్పినప్పుడే గట్టి ఉక్కు సీట్లు వేయించాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికి మెత్తబడి పగులుతాయి. ఇక్కడ పాత రబ్బరే కావాలని పట్టుబట్టడం నిప్పుతో చెలగాటం.

అసలు రూపమే వద్దనిపించే బండి

తెలుగువాళ్లకి తెలిసిన అమెరికన్ బండి ఒకటుంది. 1982లో ఎన్.టి. రామారావు తెలుగుదేశం పెట్టాక ఊరూరా తిరిగిన చైతన్యరథం ఒక పాత షెవర్లే వ్యాను. నడిపింది ఆయన కుమారుడు హరికృష్ణ. పైన నిలబడి మాట్లాడటానికి వేదికా, మైకులూ, లైట్లూ అన్నీ తర్వాత చేర్చినవే. దాన్ని షెవర్లే కార్ఖానా నుంచి వచ్చినట్టు తిరిగి చేయాలని ఎవరైనా అంటే తెలుగువాడెవడూ ఒప్పుకోడు. ఆ బండి విలువంతా మార్పుల్లోనే ఉంది.

కనుక పునరుద్ధరణ అంటే ఒక తేదీని ఎంచుకోవడం. పుట్టిన రోజా, పేరు తెచ్చుకున్న రోజా? కుటుంబపు టాక్సీగా పాతికేళ్లు తిరిగిన బండికి డీజిలు ఇంజనే దాని జీవితం అనుకుంటే, ఆ మాటకీ బలముంది. ఏది ఎంచుకున్నా తీసిన సామాను తుక్కు కొట్టుకి వేయకూడదు. ఫొటో తీసి, ఎప్పుడు ఎక్కడ తీసిందో రాసి, దాచాలి. మన కంపెనీ వదిలిపెట్టని కాగితాన్ని మనమే తయారుచేయాలి.

చట్టం మాత్రం పుట్టిన రోజు వైపే మొగ్గింది. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేని బండికే వింటేజ్ హోదా, ‘వీఏ’ అక్షరాల నంబరు. మెటడార్ ఇంజన్ అంబాసిడర్‌కి ఆ తలుపు తెరుచుకోదు. హోదా వచ్చాక బండిని ప్రదర్శనకీ, ర్యాలీకీ, మరమ్మతుకీ తీయొచ్చు. రోజువారీ తిరుగుడుకీ, కిరాయికీ తీయకూడదు. కలెక్టరు బండి అని ఎర్ర బుగ్గ పెట్టుకుని రోడ్డెక్కడానికీ వీల్లేదు. అది 2017లోనే పోయింది.

ఇంకో వైపు, 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ నుంచి రద్దవుతూ వస్తోంది. అంటే సర్కారు దగ్గర మిగిలిన అంబాసిడర్లకి దారి తుక్కు వైపే. మిగలవలసింది జనం దగ్గరున్నవే. 1975లో రిజిస్టరైన మార్క్ త్రీలు 2025తో యాభై నింపుకున్నాయి. మార్క్ ఫోర్‌ల వంతు 2029 నుంచి. పెరట్లో బండి ఉన్నవాళ్లు ముందు పిలవవలసింది రంగు మేస్త్రీని కాదు. ఆర్సీ వెతికి, ఇంజన్ మీది గ్రీజు తుడిచి, రెండు నంబర్లూ కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఎంత ఖర్చు పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో ఆ తర్వాతే తేలుతుంది.